బండి లేపే ముందు కిందికి చూడండి

"అన్నా, థార్‌ని రెండంగుళాలు లేపాలి. తక్కువలో ఏముంది?"

విశాఖలో సస్పెన్షన్ పని చేసే మాలాంటి వర్క్‌షాపులకు వచ్చే కుర్రాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. సీట్ల మీద షోరూమ్ కవర్లు ఇంకా తియ్యని బండితో వచ్చేవాళ్లూ ఉంటారు. నేను ఎదురు ఒకటే అడుగుతాను: "ఎక్కడ తగులుతోంది తమ్ముడూ?" ముందు బంపరు తగులుతోందా, మధ్యలో పొట్ట ఆనుతోందా, వెనకాల హుక్కు నేలని గీస్తోందా, ఇరుసు మధ్యనున్న డబ్బా రాయి మీద కూర్చుంటోందా? ఒక్కో జబ్బుకి ఒక్కో మందు. చాలామంది దగ్గర ఈ ప్రశ్నకి జవాబుండదు. ఎక్కడా తగల్లేదు. ఫోన్‌లో చూసిన బండి ఎత్తుగా ఉంది, తన బండి పొట్టిగా కనిపిస్తోంది. అంతే.

ఆ ఆశని నేను తక్కువ చెయ్యను. నెలనెలా వాయిదా కడుతూ కొనుక్కున్న బండి దర్జాగా కనిపించాలనుకోవడంలో తప్పేముంది? నా బాధల్లా వేరు. చేతిలో ఉన్న కాస్త డబ్బునీ తీసుకెళ్లి బండికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే చోట పోస్తున్నారు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కే బండిని మునుపటికన్నా ప్రమాదకరంగా మార్చుకుంటున్నారు. తక్కువ ఖర్చులో లిఫ్ట్ అసలు వద్దని నేననను. కానీ ఆ ఖర్చు పెట్టాల్సింది చక్రం నేలని వదలకుండా ఉండటానికి. ఎత్తు దాని తర్వాతి మాట.

ముందు ఒక లెక్క చూద్దాం. 2020 అక్టోబరు 2న మార్కెట్‌లోకి వచ్చిన కొత్త థార్‌కి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. మారుతి జిమ్నీకి 210. ఇప్పుడు తయారీ ఆగిపోయిన జిప్సీకీ 210. ఈ మూడింటికీ వెనక ఇరుసు ఒకటే పొడవాటి గొట్టం. దాని నడుమ డిఫరెన్షియల్ ఉండే గుండ్రటి డబ్బా నేలకి దగ్గరగా వేలాడుతుంటుంది. స్ప్రింగు దగ్గర రెండంగుళాల దిమ్మ పెట్టారనుకోండి. బాడీ లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది. ఆ డబ్బా లేస్తుందా? లేవదు. ఇరుసు చక్రాల మీద ఆధారపడి ఉంది, స్ప్రింగు ఇరుసు మీద కూర్చుని ఉంది. స్ప్రింగు దగ్గర ఏం చేసినా ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. వాగులో రాయి ఆ డబ్బాకి తగిలేదైతే లిఫ్ట్ వేశాక కూడా తగులుతుంది.

దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. అదీ పెరిగిన దానిలో సగమే ఇస్తుంది. 245/75 ఆర్16 టైరు నిలువు కొలత సుమారు 774 మి.మీ. దాని స్థానంలో 265/75 ఆర్16 వేస్తే సుమారు 804. ముప్ఫై పెరిగితే ఇరుసుకి దక్కేది పదిహేను. పైగా స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి 62 పైన పోతుంటుంది, ఇంజను ప్రతి గేరులోనూ కాస్త ఎక్కువ బరువు లాగుతుంటుంది.

లిఫ్ట్ వల్ల లాభం ఉన్నది వేరే చోట. మూతి, పొట్ట, తోక నేలకి తగిలే కోణాలు మెరుగుపడతాయి. ఐదు తలుపుల జిమ్నీ సంగతి చూడండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,590 మి.మీ. గట్టు దాటేటప్పుడు పొట్ట ఆనకుండా ఉండే కోణం 24 డిగ్రీలే. థార్‌కి అది 27. జిమ్నీని 50 మి.మీ. లేపితే ఆ కోణం నాలుగు డిగ్రీల దాకా పెరుగుతుంది. పొలం గట్లు, కాలవ గట్లు దాటేవాడికి ఇది నిజంగా ఉపయోగమే. అందుకే ఎక్కడ తగులుతోందని అడుగుతాను. పొట్ట తగిలేవాడికి లిఫ్ట్ పనికొస్తుంది, డబ్బా తగిలేవాడికి పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. తక్కువ ధరలో లిఫ్ట్ అని అమ్మేవాటిలో నూటికి తొంభై దిమ్మలే. వీటినే స్పేసర్లంటారు. అల్యూమినియంవి ఉంటాయి, గట్టి ప్లాస్టిక్‌వి ఉంటాయి. ముందు స్ట్రట్ నెత్తిన ఒకటి, వెనక స్ప్రింగు దగ్గర ఒకటి. పది, పదిహేను వేలలో పని అయిపోతుంది. స్ప్రింగు పాతదే, షాకబ్జార్బర్ పాతదే. వెనక షాకు పొడవులో వెంట్రుకవాసి తేడా ఉండదు. మొత్తం తంటా అక్కడే మొదలవుతుంది.

బండి నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రం పైకి 100 మి.మీ., కిందికి 100 మి.మీ. ఆడుతుందనుకోండి. రెండంగుళాల దిమ్మ పెట్టగానే షాకు కడ్డీ రెండంగుళాలు బయటికి సాగి నిలబడుతుంది. ఇక కిందికి సాగడానికి దానికి మిగిలింది 50. చక్రం గుంటలోకి దిగాల్సినప్పుడు సగం దాకా దిగి ఆగిపోతుంది, తర్వాత గాల్లో వేలాడుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న బండిలో గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరుగుతుంటే నేల మీదున్న చక్రం కదలదు. నిన్నటిదాకా తేలిగ్గా దాటిన గుంటలోనే బండి ఇవాళ ఇరుక్కుంటుంది. డబ్బు పెట్టి బండి సత్తువ తగ్గించుకోవడమంటే ఇదే. ఎత్తు పెరిగిందన్నది కంటికి కనిపిస్తుంది. చక్రం ఆట తగ్గిందన్నది అడవిలోకి వెళ్లేదాకా కనిపించదు.

మొన్న వానాకాలంలో ఒక థార్ వచ్చింది. పాడేరు ఘాట్ దిగుతుంటే ముందు ఎడమవైపు టక్ టక్ మంటోందని ఆ అబ్బాయి ఫిర్యాదు. చక్రం విప్పేసరికి రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు విసనకర్రలా చిమ్మి ఉంది. డ్రైవ్ షాఫ్ట్ కీలు మీదుండే రబ్బరు తొడుగు మడత దగ్గర చీరుకుపోయింది. చీలికలోంచి మట్టినీళ్లు లోపలికి పోయి గ్రీజు ముద్ద ఇసకతో కలిసి గరగరలాడుతోంది. పైకి చూస్తే స్ట్రట్ నెత్తిన నల్లగా నిగనిగలాడే అల్యూమినియం దిమ్మ. మందం అంగుళమే. స్ట్రట్ కింది ఆర్మ్ మధ్యలో పట్టుకుని ఉంటుంది కాబట్టి అక్కడ అంగుళం పెరిగితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలవుతుంది. కంపెనీ ఆ కీలుని ఏ వంపులో తిరగడానికి చేసిందో, ఆ వంపు దాటి రోజూ తిరుగుతోంది. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రాన్ని వేలాడదీస్తే పై ఆర్మ్ వచ్చి స్ప్రింగుని తాకుతోంది. ఆ టక్ టక్ అదే. ఆర్మ్ మీద పెయింటు పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. వెనకాల వంగి చూస్తే బ్రేకు గొట్టం సాగదీసిన తాడులా బిగుసుకుని ఉంది. అది తెగితే ఘాట్‌లో ఏమవుతుందో ఆ అబ్బాయికి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కీలు, తొడుగు, బాల్ జాయింటు, అలైన్‌మెంటు అన్నీ కలిపి అయిన బిల్లు, దిమ్మలకి పెట్టిన ఖర్చుని దాటిపోయింది. కొరియర్‌లో వచ్చిన ఆ కిట్టులో బిగించే పద్ధతి చెప్పే కాగితం ముక్క కూడా లేదట.

జిమ్నీది మరో కథ. రెండు వైపులా ఒకే గొట్టం ఇరుసు, కాయిల్ స్ప్రింగులు. గట్టి బండి, నాకిష్టమైన బండి. ఇరుసు పక్కకి జరగకుండా పానార్డ్ రాడ్ అనే అడ్డ కడ్డీ ఒకటి పట్టుకుని ఉంటుంది. దాని ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస ఇరుసుకి. బాడీని లేపగానే ఆ కడ్డీ ఏటవాలు పెరిగి ఇరుసుని ఒక పక్కకి లాగేస్తుంది. వెనకనుంచి చూస్తే ఒక టైరు మడ్‌గార్డు దాటి బయటికి, ఇంకోటి లోపలికి. ముందు ఇరుసు కాస్త తిరిగి, క్యాస్టర్ అనే కోణం మారి స్టీరింగు నిలకడ పోతుంది, వేగంలో గుంట తగిలితే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. పొడవు సర్దుకునే అడ్డ కడ్డీ, క్యాస్టర్ సరిచేసే బుష్‌లు వేస్తే ఇది నయమవుతుంది. చవక కిట్టులో అవి ఉండవు. దాని ధర తక్కువ కావడానికి కారణమే అది.

పాత బండ్ల దగ్గరికి వస్తే నా గొంతు మారుతుంది. మా నాన్న గాజువాక ఆటోనగర్‌లో కమాన్ కట్టల పని చేసేవారు. లారీలవి, జీపులవి. ఆ సుత్తి చప్పుడులో పెరిగినవాణ్ని. జిప్సీకి, మహీంద్రా మేజర్‌కి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ పట్టీలే. లిఫ్ట్ కావాలని వచ్చే పాత జిప్సీల్లో చాలావాటికి కావలసింది వాటి సొంత ఎత్తు తిరిగి రావడం. ఏళ్ల తరబడి మోసి మోసి పట్టీలు చదునైపోయి ఉంటాయి, షాకిల్ బుష్‌లు కోడిగుడ్డు ఆకారానికి అరిగి ఉంటాయి, రెండో పట్టీ మధ్య బోల్టు దగ్గర పగిలి ఉంటుంది, షాకబ్జార్బర్‌లో నూనె ఎప్పుడో కారిపోయి ఉంటుంది. కొత్త పట్టీల సెట్టు, కొత్త బుష్‌లు, పిన్నులు, కొత్త షాకులు వేసి, పాత యూ బోల్టులు మళ్లీ వాడకుండా కొత్తవి బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి పంపిస్తే బండి కళ్లముందే లేచి నిలబడుతుంది. లిఫ్ట్ ఎంత చేశారని దారిలో జనం అడుగుతారు. చేసిందల్లా బండిని పుట్టినప్పటి కొలతకి తేవడమే. తక్కువ డబ్బులో ఇంతకు మించిన పని నాకు తెలియదు.

ఇక్కడా అడ్డదారులున్నాయి. పాత పట్టీల్ని సుత్తితో కొట్టి వంపు ఎక్కించడం ఒకటి. కొన్నాళ్లు ఎత్తు కనిపిస్తుంది, మళ్లీ చదునవుతుంది. మా నాన్న లారీకి కూడా అత్యవసరమైతే తప్ప ఆ పని ఒప్పుకునేవారు కాదు. ఇంకో పట్టీ అదనంగా వెయ్యడం రెండోది. జిప్సీ బరువు టన్ను అటూ ఇటూ. అంత తేలిక బండికి పట్టీ పెంచితే స్ప్రింగు వంగనే వంగదు, గతుకుల్లో చక్రాలు గెంతుతాయి, వెనక కూర్చున్నవాడి నడుం విరుగుతుంది. పొడవాటి షాకిళ్లు మూడోది. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది అంగుళమే, ముందు వైపైతే స్టీరింగు కోణం చెడుతుంది. పట్టీల్ని ఇరుసు పైకి మార్చడం నాలుగోది. జిప్సీకి కంపెనీ పట్టీని ఇరుసు కింద పెట్టింది. దాన్ని ఇరుసు మీదికి మారిస్తే దాదాపు ఐదంగుళాలు లేస్తుంది. బ్రాకెట్లు వెల్డింగు చెయ్యాలి, స్టీరింగు లింకులు మార్చాలి, జాయింట్ రాడ్డు కోణం సరిచెయ్యాలి, బ్రేకు గొట్టాలు పెంచాలి. పోటీల్లో రాళ్లెక్కే బండికి, ట్రాలీ మీద వెళ్లి ట్రాలీ మీద వచ్చే బండికి అది సరే. మధురవాడ నుంచి గాజువాక దాకా హైవే మీద ఆఫీసుకి తిరిగే బండికి అది చెయ్యకూడదు.

2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత థార్‌లలో సీఆర్‌డీఈ రకానికి ముందు వైపు స్ప్రింగు బదులు టార్షన్ బార్లుంటాయి. ఒక బోల్టు బిగిస్తే ముందు భాగం లేస్తుంది, పైసా ఖర్చు లేదు. కుంగిన బండిని కంపెనీ కొలతకి తేవడానికి ఆ బోల్టు వాడుకోవచ్చు. దాన్ని లిఫ్ట్ అనుకుని బిగించుకుంటూ పోతే ముందు చక్రం కిందికి దిగే ఆట అంతా పోయి బండి చెక్కలా తయారవుతుంది.

డబ్బు తక్కువ ఉన్నవాడికి నేను చెప్పే వరుస ఇలా ఉంటుంది. ముందు టైర్లలో గాలి. ఊళ్లో 30 పైన ఉండే పీఎస్‌ఐని మట్టిదారిలో 20 దాకా, ఇసకలో ఇంకాస్త కిందికి దించి నెమ్మదిగా నడిపి చూడండి. టైరు చదునై నేలని పరుచుకుంటుంది, పట్టు వెంటనే తెలుస్తుంది, గతుకులు కూడా మెత్తబడతాయి. ఒక మంచి గేజీ, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు కలిపి కొన్ని వేలు. తిరిగి తారురోడ్డెక్కగానే గాలి నింపుకోవడం మాత్రం మరవకూడదు. మెత్తటి టైరుతో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

తర్వాత టైర్లు. కంపెనీ కొలతలోనే మంచి ఏటీ (ఆల్ టెర్రెయిన్) టైర్లు. ఎర్రమట్టి తడిస్తే రోడ్డు టైరు సబ్బు ముక్కే. బండికి నేలతో ఉన్న సంబంధం ఆ నాలుగు అరచేతులంత జాగాలోనే ఉంది, అక్కడ పెట్టిన రూపాయి ఎక్కడికీ పోదు. ఆ తర్వాత అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు, కారిన షాకులు. ముందూ వెనకా గట్టి రికవరీ హుక్కులు, ఒక మంచి తాడు. వీటన్నిటి తర్వాత చేతిలో ఇంకా ఏమైనా మిగిలి, బండి పొట్ట నిజంగా తగులుతుంటే అప్పుడు లిఫ్ట్ మాట.

అప్పుడైనా స్ప్రింగులూ షాకులూ ఒకే తయారీదారు కలిపి ఇచ్చిన సెట్టే తీసుకోండి, 40 మి.మీ. దగ్గర ఆగండి, 50 దాటకండి. షాకు తెరుచుకున్నప్పుడు పొడవెంత, మూసుకున్నప్పుడు పొడవెంత అని అడగండి. లిఫ్ట్‌కి తగ్గట్టు పొడవు పెరిగిందో లేదో అమ్మేవాడు చెప్పలేకపోతే అది మీకు అక్కర్లేదు. ఆ తర్వాత బరువు. ఒకే బండికి ఒకే ఎత్తులో రెండు మూడు రకాల గట్టిదనంలో స్ప్రింగులొస్తాయి. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ కంపెనీ తన ఓల్డ్ మ్యాన్ ఈమూ సెట్లని బండి ఎప్పుడూ మోసే బరువుని బట్టే విడగొట్టి అమ్ముతుంది. ఎడారుల్లో వందల కిలోమీటర్లు సామానంతా వేసుకుని తిరిగే ఆస్ట్రేలియా వాళ్లకి బరువు స్ప్రింగు కావాలి. మనవాడి బండిలో ఇద్దరు మనుషులు, వెనక ఒక బ్యాగు. వాడికి ఆ బరువు స్ప్రింగు వేస్తే మూడంగుళాలు లేచి రాయిలా ఉంటుంది. ఎక్కువ ఎత్తొచ్చిందని వాడు సంబరపడతాడు, ఇంట్లోవాళ్లు ఎక్కడం మానేస్తారు. విన్చ్, ఇనుప బంపరు వేస్తాను కాబట్టి బరువు స్ప్రింగు కావాలనేవాళ్లకి ఇంకో మాట చెప్తాను. క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ముందు ఆ ఇనుము వదిలెయ్యండి, స్ప్రింగు ఖర్చూ తగ్గుతుంది.

పక్కన వేరే డబ్బా వేలాడే షాకులు, మీటలు తిప్పి మెత్తదనం మార్చుకునే షాకులు తక్కువ బడ్జెట్ వాడికి అక్కర్లేదు. మన రాళ్లదారుల్లో బండి పదీ పదిహేను వేగంలో పోతుంది. ఆ వేగంలో షాకు నూనె మరిగిపోదు. లావుపాటి మామూలు ట్విన్ ట్యూబ్ షాకు సుఖంగా సరిపోతుంది, బుష్‌లు మన ఊళ్లోనే దొరకాలి. మంచి సెట్టు రకాన్ని బట్టి లక్ష అటూ ఇటూ అవుతుంది. అంత లేకపోతే ఆగండి. ఆగినన్నాళ్లూ కంపెనీ సస్పెన్షన్ మీకు అన్యాయం చెయ్యదు.

నమ్మకం కలగకపోతే బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి వెళ్లే జీపుల్ని చూడండి. రాళ్లు తేలిన, కొండ వాలు దారి. పర్యాటకుల్ని కుక్కి రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అక్కడి డ్రైవర్లు వంగి చూసేది పట్టీలు, బుష్‌లు, టైర్లు. ఎత్తు గురించి అక్కడ ఎవరి నోటా నేను వినలేదు. ఏ రాయి మీద ఏ చక్రం వెయ్యాలో వాళ్లకి కంఠతా వచ్చు. ఆ విద్యకి కిట్టు లేదు, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి. ఆ దారిలో డబ్బు పెట్టి కూర్చునేటప్పుడు లోయ వైపు చూడకుండా డ్రైవరు చేతులు చూడమని మా దగ్గరికొచ్చే పిల్లలకి చెప్తుంటాను.

బోల్తా గురించి కూడా చెప్పుకోవాలి, అసలు నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది అదే. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరాన్ని, బండి గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకెని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 నుంచి బోల్తా రేటింగులకి వాడుతోంది. అంకె ఎంత తగ్గితే బోల్తా పడే అవకాశం అంత ఎక్కువ. చక్రాల మధ్య 1,500 మి.మీ., గురుత్వ కేంద్రం 700 మి.మీ. ఎత్తులో ఉన్న బండికి అది 1.07. రెండంగుళాలు లేపితే దాదాపు 1.0కి దిగుతుంది. పైన క్యారియర్ వేసి దాని మీద టెంటూ డబ్బాలూ కడితే ఇంకా కిందికి. అరకు ఘాట్‌లో మలుపు మధ్యలో ఎదురుగా బస్సొచ్చి స్టీరింగు గభాల్న తిప్పాల్సి వచ్చినప్పుడు ఈ తేడా లెక్కలోకొస్తుంది. బండి లేచాక హెడ్‌లైట్లు దించి సరిచెయ్యనివాళ్లే ఎక్కువ. ఆ వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఘాట్‌లో రాత్రి అది ఎంత పాపమో ఆ దారిలో నడిపినవాళ్లకి తెలుసు. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు ఆ ఎత్తు ఎక్కగలరా అన్నదీ ఆలోచించండి.

ఇక చట్టం. లిఫ్ట్ కావాలన్న ప్రతివాళ్లకీ నేను ముందు ఇది చెప్తాను, పానా తర్వాత. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో సస్పెన్షన్ ఎత్తు రాయరు కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన రోడ్డు మీద ఆపిన అధికారి ముందు, ప్రమాదం తర్వాత బీమా సర్వేయరు ముందు నిలబడుతుందని నేను ఎవరికీ హామీ ఇవ్వను. అరిగిన స్ప్రింగూ షాకూ తీసి కంపెనీ ఎత్తులోనే మంచివి వేసుకున్నవాడికి ఈ బెడద లేదు. తక్కువ బడ్జెట్ వాడు అక్కడ ఆగిపోవడమే మేలనడానికి ఇది ఇంకో కారణం.

కానీ అంతటితో వదిలెయ్యడం కూడా న్యాయం కాదు. నిషేధం కాగితం మీదుంది, దిమ్మలు మాత్రం ఫోన్‌లో ఒక్క నొక్కుకి ఇంటికొస్తున్నాయి. పరీక్ష లేదు, ప్రమాణం లేదు. మంచి సెట్టు వేసినవాడూ, దిమ్మ మీద దిమ్మ పేర్చినవాడూ చట్టం ముందు ఒకటే. అలాంటప్పుడు కుర్రాడు చవకది కాక ఇంకేం కొంటాడు? ఆస్ట్రేలియాలో కొద్దిపాటి ఎత్తు దాకా పెంచుకోనిచ్చి, దాటితే ఇంజినీరు ధ్రువపత్రం తెమ్మంటారు. మన దగ్గరా సీఎన్‌జీ కిట్టుకి ఇలాంటి పద్ధతి ఉంది. పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్టు బిగించుకుని ఆర్‌సీలో రాయించుకుంటున్నాం కదా! మార్పులకి ప్రమాణాలు, ఆమోదం షరతులు కేంద్రమే నిర్ణయించవచ్చని, అలా చేసిన మార్పుతో వారంటీ పోదని సెక్షన్ 52 సవరణలోనే రాసి ఉంది.

కేంద్ర రవాణా శాఖకి నా విన్నపం అదే. ఆ వెసులుబాటు వాడి సస్పెన్షన్ సెట్లకి ఒక ప్రమాణం పెట్టండి. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో పరీక్షించండి. ఎంత ఎత్తు దాకా సరేనో, బ్రేకు గొట్టం నుంచి హెడ్‌లైటు దాకా దాంతోపాటు ఏమేం మార్చాలో రాసి పెట్టండి. బిగించిన వర్క్‌షాపు సంతకం పెట్టి బాధ్యత తీసుకునేలా చెయ్యండి. ఆ సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. అప్పటిదాకా తమ్ముళ్లకి నేను చెప్పేది ఒకటే: దిమ్మలకి రూపాయి కూడా ఇవ్వకండి. ఈ నెల జీతంలో గాలి పంపు కొనుక్కోండి, టైర్ల కోసం దాచుకోండి, ఒకసారి బండి కిందికి దూరి బుష్‌లు చూసుకోండి.